సివిలా, సీఎస్‌ఈనా? వెబ్ ఆప్షన్లకు రెండు రోజులే ఉంది

పల్నాడు నాన్న: మా వాడి ఈఏపీసెట్ ర్యాంకుకు యూనివర్సిటీ కాలేజీలో సివిల్ వచ్చేలా ఉంది. గుంటూరు పక్కన ప్రైవేటు కాలేజీలో అయితే సీఎస్‌ఈ, అదే కంప్యూటర్ ఇంజనీరింగ్, ఇస్తామంటున్నారు. నాకు వ్యవసాయం తప్ప తెలియదు. జీతాల సంగతి తెలిసినవాళ్లు చెప్పండి.

సైట్ ఇంజనీర్: సివిల్ వద్దండీ. 2011లో చదువైపోయి చేరితే మొదటి నెల నాకిచ్చింది 9 వేలు. అదే సైట్లో సెంట్రింగ్ మేస్త్రీ నాకంటే ఎక్కువ పట్టుకెళ్లేవాడు. స్లాబు పోత ఉందంటే రాత్రి రెండింటిదాకా అక్కడే. ఆదివారం అనేది లేదు. పైనుంచి బిల్లు రాలేదని కాంట్రాక్టరు ఒకసారి ఐదు నెలలు జీతం ఆపాడు. ఆ ఐదు నెలలూ మా ఆవిడ పుట్టింటి బియ్యమే తిన్నాం. ఇన్నేళ్లకు 48 వేలకు వచ్చా.

అమీర్‌పేట కోడర్: సీఎస్‌ఈ అంటే లక్షలు అనుకోకండి. పెద్ద సర్వీస్ కంపెనీలు ఫ్రెషర్‌కిచ్చే ప్యాకేజీ పదేళ్లకు పైగా మూడు, మూడున్నర లక్షల దగ్గరే ఆగిపోయింది. హాస్టల్ అద్దెలు ఆగాయా? నాకు 2021లో 3.36 లక్షలని ఆఫర్ లెటర్ ఇచ్చారు. చేతికొచ్చింది 23 వేల చిల్లర.

సైట్ ఇంజనీర్: 3.36 లక్షలంటే నెలకు 28 వేలు. 23 ఎలా అయింది తమ్ముడూ?

అమీర్‌పేట కోడర్: పీఎఫ్‌లో మన వాటా, కంపెనీ వాటా రెండూ అందులోనివే. గ్రాట్యుటీ, ఇన్సూరెన్స్, వేరియబుల్ పే అన్నీ కలిపి చెప్తారు.

సైట్ ఇంజనీర్: పీఎఫ్ నీ డబ్బే కదా? అది జీతం కాదంటే ఎలా? నాకు ఆరేళ్లు పీఎఫ్ అసలు కట్టలేదు.

అమీర్‌పేట కోడర్: పీఎఫ్‌తో అద్దె కట్టలేం అన్నా.

గేట్ అభ్యర్థి: సివిల్ వాళ్లకు ప్రభుత్వ ఇంజనీర్ (ఏఈఈ) పోస్టులున్నాయి, గేట్ రాస్తే ప్రభుత్వ రంగ సంస్థలున్నాయి. ఎవరూ ఆ మాటెత్తరేం?

సైట్ ఇంజనీర్: నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో చెప్పండి మరి. తెలంగాణలో 2022లో 1,540 ఏఈఈ పోస్టులు వేశారు. పరీక్ష అయిపోయాక పేపర్ లీకుల గొడవతో 2023లో రద్దు చేసి మళ్లీ రాయించారు. అన్నాళ్లు కూర్చోబెట్టి తిండి పెట్టేదెవరు?

దోహా బిల్లింగ్: సైట్లోనే ఉండిపోతే జీతం పెరగదు. కొలతలు, బిల్లింగ్, ప్లానింగ్ నేర్చుకుంటే దారి వేరు.

అమీర్‌పేట కోడర్: అన్నా, మీకు జీతం ఆలస్యమైనా పని పోదు. 2023లో నన్ను ప్రాజెక్టు లేదని రెండు నెలలు బెంచ్ మీద ఉంచి, రాజీనామా రాసివ్వమన్నారు.

సైట్ ఇంజనీర్: ఏసీ గదిలో కూర్చుని నాకు చెప్పకు. మే నెల ఎండలో ఒక్కరోజు స్లాబు మీద నిలబడు, తెలుస్తుంది. "అబ్బాయి సివిలా" అని సంబంధం వద్దన్నవాళ్లు ఏడుగురు. ఏడుగురు!

అమీర్‌పేట కోడర్: నేను సివిలే చదవాలనుకున్నా! మా తాత చెరువు తూములు కట్టిన మేస్త్రీ. మా నాన్న ఎకరం అమ్మి నన్ను సీఎస్‌ఈలో చేర్చాడు. ఆ ఎకరం ఇంకా తిరిగి కొనలేదు. ఆ బరువుతో మనసు లేని పని చేస్తున్నా. 23 వేలా 28 వేలా అన్నది కాదన్నా నా బాధ. పల్నాడు నాన్నగారూ, మీ వాణ్ణి అడిగారా? ఆ ప్రైవేటు సీటు ర్యాంకు మీద కౌన్సెలింగ్‌లో వచ్చే కన్వీనర్ కోటాయేనా?

పల్నాడు నాన్న: మేనేజ్‌మెంట్ కోటా బాబూ. ముందే రాయాల్సింది. ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదన్నారు, పొలం మీద అప్పు తేవాలి. వాడు సివిలే అంటున్నాడు. సీఎస్‌ఈ అంటున్నది నేనూ వాళ్లమ్మా.

సైట్ ఇంజనీర్: అప్పు చేసి కొనే సీటా! అయితే నా లెక్క మారిపోయింది. కుర్రాడికి 23 వేలొస్తే తను తినేదెంత, వడ్డీకి కట్టేదెంత? యూనివర్సిటీ కాలేజీలో ఫీజు తక్కువ, పైగా కన్వీనర్ సీటు. పొలం జోలికి పోకండి. సివిల్ వద్దన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను. అదే కాలేజీలో ఇంకో బ్రాంచి వస్తుందేమో చూడండి.

అమీర్‌పేట కోడర్: పిల్లవాడి మాట మళ్లీ పక్కన పెట్టేశారు.

సైట్ ఇంజనీర్: పెట్టలేదు. ఆ వయసులో సైట్ ఎలా ఉంటుందో తెలియదంటున్నా. నాకూ తెలియలేదు. దగ్గర్లో ఎక్కడైనా పని జరుగుతుంటే రేపు పొద్దున్నించి సాయంత్రం దాకా వాణ్ణి అక్కడ ఉంచండి. ఇంటికొచ్చి అప్పుడూ సివిలే అంటే ఇక నేను అడ్డు చెప్పను.

పల్నాడు నాన్న: మా వీధి చివర బడి గదులు కడుతున్నారు. మేస్త్రీ తెలిసినవాడే. రేపు ఏడింటికి పంపిస్తా.