ట్రైలర్‌కి సింగిల్ యాక్సిల్ (ఒకే ఇరుసు) చాలా, డబుల్ తీసుకోవాలా?

చిన్న ట్రాక్టర్, తోటపని సామాను, అప్పుడప్పుడు ఇసుక తోలడానికి ఓపెన్ యుటిలిటీ ట్రైలర్ కొనాలనుకుంటున్నాను. ఒకటి నచ్చింది: సింగిల్ యాక్సిల్, లోడుతో కలిపి గరిష్ఠ బరువు 1,350 కిలోలు, ఖాళీ బరువు 400. అంటే మనం వేయగలిగేది 950 కిలోలే కదా? అమ్మేవాళ్లు మాత్రం ఆ పెద్ద అంకె ఒక్కటే చెబుతారు, అదేంటో! తడి ఇసుక ఘనపు మీటరు సుమారు 1,900 కిలోలు తూగుతుంది. అరఘనపు మీటరు పోస్తే చాలు, లెక్క నిండిపోతుంది.

డబుల్ యాక్సిల్‌దైతే ఒక టైరు పగిలినా బండి అదుపులో ఉంటుందంటున్నారు. కానీ టైర్లు, బేరింగుల ఖర్చు రెట్టింపు, విప్పాక చేత్తో తిప్పుకోవడమూ కష్టమే. ఎప్పుడో ఒకసారి తోలే ఇసుక కోసం అంత అవసరమా?

ఇంకో అనుమానం. మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ (ట్రైలర్‌ని బండికి తగిలించే కొక్కెం) మీద పడాలట, వెనక్కి మొగ్గితే రోడ్డు మీద ట్రైలర్ ఊగుతుందట. ట్రాక్టర్ ఎక్కించాక హిచ్ మీద పడే బరువును మీరు దేనితో తూస్తున్నారు?

గాల్వనైజ్డ్ (తుప్పు పట్టకుండా జింకు పూత వేసిన) ఫ్రేముకు ఎక్కువ పెట్టొచ్చా, పెయింటుతో సరిపోతుందా? వానలో, ఎండలో కొన్నేళ్లు వాడినవాళ్లు చెబితే మేలు.