‘ఠావులు తప్పినయి’: జాగలా, కాయితాలా? (ఒక చర్చ)

దేవరకొండ: రెండో ప్రపంచయుద్ధంల మిసర్ (ఈజిప్టు) నుంచి మన దిక్కుకొచ్చిన ఒక సిపాయి జాబు. ఆఖరు వాక్యం సగమే మిగిలింది: "...ఠావులు తప్పినయి, రంది వెట్టుకోకుండ్రి." ముందున్న మాట చిరిగింది. పోతన గజేంద్రమోక్షం పద్యమే అని అందరి మాట. గజేంద్రుని గోడు రాసి, ఆ వెంటనే రంది వద్దంటడా ఎవడన్న?

పాలమూరు పంతులు: ఎందుకనడు? "బ్రాణంబులున్ ఠావుల్ దప్పెను" (పానాలు జాగలు తప్పినయి) ఇంటిల్లిపాదికీ నోటికొచ్చు. జాబులు తెరిచి చదివే సెన్సారు కన్నుగప్పే ఉపాయం. మొదటి ప్రపంచయుద్ధంల, 1915లో ఫ్రాన్సు నుంచి రాసిన మన సిపాయిలు మనోళ్లను నల్ల మిరియాలనీ, తెల్లోళ్లను ఎర్ర మిరపకాయలనీ రాయలేదా?

మిర్యాలగూడ: ఆ కిటుకు ఉర్దూల నడుస్తది, రెండూ మిర్చే గనుక. తెలుగుల మిరియం వేరు, మిరప వేరు. మా ఊరి మీద ఒట్టు.

ఛందస్సు పిచ్చి: పద్యమే అయితే "దప్పెను" ఉండాలి. ‘తప్పినయి’ వాడుకమాట. పోతన పాదంలో మాత్రం ‘తావుల్’ అనడానికి వీల్లేదు. యతికి పాదం మొదటి అక్షరంతో కలవాల్సిన పదమూడో అక్షరం "డస్సెన్"లోని డ. ఠా–డ యతి కుదురుతుంది, తా–డ కుదరదు. ప్రాస (పాదంలో రెండో అక్షరం) వకారం కాబట్టి అది ఈ తగువు తీర్చదు.

నకిరేకల్: యతి సరే. కాయితం ఠావు మరిచిన్రా? ఆ రోజుల్ల దస్తాకు 24 ఠావులు, రీముకు 20 దస్తాలు. ఉర్దూలో కాయితపు షీటును ‘తావ్’ అంటరు, మనకాడ అదే ఠావు అయింది. జాగ అనే ఠావుకూ దానికీ చుట్టరికం లేదు. "ముందటి జాబుల ఠావులు తప్పినయి, రంది వద్దు" అని చదవండి, అతుకుతది.

పాలమూరు పంతులు: పోతన తాటాకు మీద రాసినాయన, ఆయనకు దస్తా లెక్క చెప్తున్నరా!

నకిరేకల్: లెక్క సిపాయికి. టపా వరుస తప్పి వస్తుంటే జాబులకు నంబర్లేసేటోళ్లు, ఏది రాలేదో ఇంటోళ్లకు తెలియాలని. సెన్సారు కత్తెర ఆడిస్తే ఇంకో తంటా: రెండు దిక్కులా రాసిన కాయితంల ముందు ఊరిపేరు కోస్తే, వెనుక పెండ్లాం మాట పోతది.

సూర్యాపేట: ఎయిర్‌గ్రాఫ్ అయితే మీ వాదం పోయినట్టే. అది ఒకటే ఫారం, ఒక దిక్కే రాత. ఫిల్ముకెక్కించి, చిన్నగ అచ్చుతీసి పంచేటోళ్లు. సన్నరాత అలుక్కుపోయేది. ‘ఠ’ అంటే ‘ర’ నడుమ చుక్కేగదా, అది మచ్చయితే? నేను ‘రేవులు తప్పినయి’ అంటా. ఓడ ఆగాల్సిన రేవు తప్పిందని.

ఛందస్సు పిచ్చి: చుక్క మచ్చయితే ‘రా’ మిగులుతుంది, ‘రే’ కాదు. ఆ ఏత్వం ఎవరిచ్చారు? పైగా రేవు సంగతిని సెన్సారు వదులుతాడా?

మిర్యాలగూడ: పోతన దాక వచ్చినం గనుక ఒక మాట. "లావొక్కింతయు లేదు"ల లావు బలమే. ఒళ్లు పెరిగితే మనం దొడ్డు అంటం. లావంటే దొడ్డు అనుకునే పిల్లలకు ఏనుగు బక్కచిక్కినట్టు తోస్తది.

పాలమూరు పంతులు: "నితఃపరం బెరుగ" కాడ అంతకన్న పెద్ద తగువుంది. ‘ఇతః’ (దీనికంటె) అన్నదాన్ని ‘ఇతర’ అని చదివేటోళ్లు ఎందరో!

సూర్యాపేట: ముందు ఆ చుక్క చెప్పండి. కలంతో ఒత్తిన చుక్కా, మరకా?

దేవరకొండ: ఎయిర్‌గ్రాఫ్ కాదు, రెండు దిక్కులా రాసిండు. సరిగ్గ ఆ అక్షరం కాడ్నే వెనుక సిరా ముందుకు దిగింది.