మన నిఘా సంస్థలు ఐబీ (దేశంలోపలి నిఘా), 'రా' (విదేశీ నిఘా)లకు చట్టం ఎందుకు లేదు? తెలిసినవాళ్లు చెప్పండి

నమస్కారమండీ. నిఘా సంస్థలకు పార్లమెంటు చట్టం ఉండాలని కాలేజీ డిబేట్‌లో నేను వాదించాలి. 2008లో ముంబై దాడులు జరిగాక నెల తిరక్కుండానే ఎన్ఐఏ (జాతీయ దర్యాప్తు సంస్థ) బిల్లు పాసైంది. కానీ అది కేసులు దర్యాప్తు చేసేది, నిఘా సంస్థ కాదు. 1887 నాటి ఐబీకి, 1968లో పుట్టిన 'రా'కు ఇప్పటికీ ప్రత్యేక చట్టం లేదు. 2011లో కాంగ్రెస్ ఎంపీ మనీష్ తివారీ దీనికోసం లోక్‌సభలో ప్రైవేటు బిల్లు (మంత్రి కాని సభ్యుడు పెట్టేది) పెట్టినా అది చట్టం కాలేదు.

"చట్టం తెస్తే రహస్యాలు బయటపడతాయి, ఏజెంట్ల ప్రాణాలకు ముప్పు" అని అవతలి జట్టు అంటుంది. ఇక్కడే ఆగిపోతున్నా, టెన్షన్‌గా ఉంది. బ్రిటన్ 1989లో తన దేశీయ నిఘా సంస్థ ఎంఐ5కి చట్టం చేసింది, 1994లో ఎంపీలతో పర్యవేక్షణ కమిటీ కూడా పెట్టింది. ఆ కమిటీ రహస్యాలను కాపాడుతూనే అధికారులను ఎలా నిలదీస్తుంది? మన దగ్గర అలాంటిది పెడితే అడ్డు ఎక్కడ వస్తుంది? పార్లమెంటు వ్యవహారాలు తెలిసినవాళ్లు దయచేసి కాస్త వివరంగా చెప్పండి.