చంద్రుడి మీద అద్దాలున్నయంటే సరిపోతదా? అనుమానపడేటోళ్లకు ఏ రుజువు ముందు పెట్టాలె?

పానగల్లు కట్ట
సైన్స్ ఫెయిర్ గ్రూపుల ఒకటే లొల్లి నడుస్తున్నది. ఒకాయన రెండు మాటలు పెట్టిండు: అమెరికోళ్ల అపోలో చంద్రయాత్రలు స్టూడియోల తీసిన సినిమా, చంద్రయాన్-3 దిగుడు కంప్యూటర్ బొమ్మ. జవాబుకు పదిమంది ఒకే మాట అతికిచ్చిండ్రు: "చంద్రుడి మీద అద్దాలు పెట్టొచ్చిండ్రు, లేజర్ కొడితే వెలుగు తిరిగొస్తది, ఇంకేం కావాలె?" నా లెక్కల అది మనిషి పోయిండనేదానికి చానా బలహీనమైన రుజువు. కాదంటే చెప్పుండ్రి.

అడిగేటోడు
ఆ రెండు మాటలు పెట్టినోణ్ణి నేనే. అద్దాల సంగతి తీసుకోండి. సోవియట్ వాళ్లు 1970ల, 1973ల లూనోఖోద్ అనే బండ్ల మీద అద్దాలు పంపిండ్రు. మనిషి పోలే. అంతకుముందే, 1962ల, అమెరికల ఎంఐటీ కాలేజీ వాళ్లు ఏ అద్దం లేకుండనే చంద్రుడి నేలకు లేజర్ కొట్టి తిరిగొచ్చిన వెలుగు పట్టుకున్నరు. ఇగ అద్దంతోని మనిషి పోయిండని ఎట్ల తేలుతది?

దుందుభి
తేలదు. నువ్వన్నది కరెక్టు తమ్మీ. కాకుంటే ఒక తేడా ఉన్నది. నేలకు తగిలిన వెలుగు ఎత్తుపల్లాల నుంచి ముందూ వెనకా వస్తది, సాగిపోయి ఉంటది. అక్కడ పెట్టినవి మనింట్ల అద్దాల లెక్క చదునువి కావు, మూల తిరిగిన గాజు ముక్కలు. ఏ దిక్కు నుంచి వెలుగొస్తే ఆ దిక్కుకే తిప్పి కొడతయి. అపోలో 11, 14ల తలా వంద, అపోలో 15ల మూడు వందలు. రెండున్నర సెకన్లకు వెలుగు సన్నగ, గట్టిగ వాపసొస్తది. అంటే ఆ చోట పనిముట్టు ఉన్నదని తేలింది. ఎవరు పెట్టిండ్రన్నది తేలలే. ఇది రెండో వరుస రుజువు, దీన్ని ముందటికి తెచ్చుడు తప్పు.

మూసీ ఒడ్డు
అసలు ఈ పంచాయితీ ఎందుకన్నా? నమ్మనోడు ఏం చూపిచ్చినా నమ్మడు. "అవునా, మంచిది" అని ఊకుంటే పోతది.

పానగల్లు కట్ట
వాళ్లొక్కళ్ల కోసమైతే ఊకుందుము. సప్పుడు చెయ్యకుండ చదివే తొమ్మిదో తరగతి పిల్లలు గ్రూపుల యాభై మంది ఉన్నరు. అడిగినోడి ప్రశ్నకు తప్పు జవాబిస్తే వాళ్లే ముందు పసిగడతరు.

దుందుభి
ముందు పెట్టాల్సింది అపోలో 16 వీడియో. 1972 ఏప్రిల్. వ్యోమగామి జాన్ యంగ్ జెండా ముందట సెల్యూట్ కొట్టుకుంట ఎగురుతడు. ప్లేయర్ల ఒక్కొక్క ఫ్రేమ్ జరుపుకుంట లెక్కపెట్టుండ్రి. కాళ్లు నేల విడిచిన ఫ్రేమ్ నుంచి తగిలిన ఫ్రేమ్ దాకా సుమారు 1.45 సెకన్లు. సెకనుకు 30 ఫ్రేముల వీడియో అయితే 43, 44 ఫ్రేములు. లేచిన ఎత్తు 42 సెంటీమీటర్ల దాకా ఉంటది. ఎత్తును ఎనిమిదితోని గుణించి, టైమును టైముతోని గుణించి వచ్చినదానితోని భాగించాలె. 1.6 వస్తది. చంద్రుడి గురుత్వం 1.62, మనది 9.8.

తప్పేడ వస్తదంటే, ఫార్వర్డ్ అయి వచ్చిన వీడియో స్పీడు మారి ఉంటది, కొన్ని 25 ఫ్రేములకు కుదించి ఉంటయి. మాట, బొమ్మ కలిసిపోతున్నయా అని చూసి అప్పుడు లెక్క మొదలుపెట్టాలె. ఎత్తుకు స్కేలుగ మనిషినే పెట్టుకోవాలె గని వెనక గుట్టను పెట్టుకుంటే మునుగుతరు. అక్కడ గాలి లేక దూరం దగ్గర తెలువదు.

అడిగేటోడు
సార్, 1.6 రావాలంటే చంద్రుడి మీదికి పోనక్కర లేదు. భూమ్మీద తీసిన ఫిల్మును నిదానంగ తిప్పితే చాలు. లేకుంటే నడుముకు వైరు కట్టి లేపొచ్చు.

దుందుభి
గుంజి అడిగినవు. నిదానం సంగతి: 9.8ని 1.62గ చూపాలంటే స్పీడు 2.46 వంతులు తగ్గియ్యాలె. అట్లయితే నువ్వు ఆ వీడియోను 2.46 రెట్లు స్పీడు పెంచి చూడు. ఎగురుడు మన ఊళ్లె పిల్లగాడు ఎగిరినట్లే అయితది, గని చేతులు, తల తిప్పుడు కీ ఇచ్చిన బొమ్మ లెక్క కొట్టుకుంటయి. అంత బరువు సూటు ఏసుకొని ఏ మనిషీ అట్ల కదలడు.

వైరు సంగతి: వైరు మనిషికి కట్టొచ్చు, దుమ్ముకు కట్టరాదు. బూటు పక్కన లేచిన మట్టిని చూడు. మనిషితోని లేస్తది, అదే నిదానంతోని పడతది. వైరు కట్టి లేపితే మట్టి మనిషి కన్న ముందే నేల మీద ఉండాలె. అపోలో 16లనే బండి చక్రం వెనక మట్టి ఇంకా సాఫ్‌గ కనబడతది. విల్లు లెక్క వంగి నేరుగ కింద పడతది, గాల్ల తేలదు. మన మట్టి రోడ్డు మీద ట్రాక్టర్ పోతే లేచిన దుమ్ము ఐదు నిమిషాలైనా దిగదు. గాలి లేని చోట తప్ప మట్టి అట్ల పడదు. అంత పెద్ద సెట్టు మొత్తంల గాలి తోడేసిండ్రు అంటే ఇగ మనమేం మాట్లాడతం.

కోయిల్‌సాగర్
చుక్కలు ఎందుకు లేవు అని ఎవరో అడుగుతరు, ముందే చెప్తున్న. పున్నమినాడు ఫోన్ ప్రో మోడ్‌ల ఐఎస్ఓ 100, షట్టర్ సెకనుల 125వ వంతు పెట్టి చంద్రుణ్ణి తీయుండ్రి. చంద్రుడు వస్తడు, చుట్టూ ఒక్క చుక్క రాదు. ఎండల మెరిసే నేల మీద వాళ్లు పెట్టిన షట్టరు కూడ అంతే సన్నది.

నీడలు పక్కపక్కన పోవట్లే, అంటే లైట్లు పెట్టిండ్రు అనేటోళ్లకు: పొద్దుగూకేటప్పుడు కరెంటు స్తంభాల వరుసను తీయుండ్రి, ఒకటే సూర్యుడికి నీడలు విచ్చుకున్నట్లు వస్తయి. పానగల్లు ఛాయాసోమేశ్వరుడి గుడిల పొద్దు తిరిగినా లింగం మీద నీడ తిరగదు గద. దానికి ఎవరూ రెండో సూర్యుణ్ణి తేలే.

అడిగేటోడు
సరే. చంద్రయాన్-3? 2023 ఆగస్టు 23 సాయంత్రం 6:04కు టీవీల చూపిచ్చింది కార్టూనే గద.

పానగల్లు కట్ట
కార్టూనే. అందుల దాపరికం లేదు. ల్యాండర్ పంపిన ఎత్తు, వేగం అంకెలతోని తెర మీద బొమ్మ నడిచింది. కెమెరా తీసిన అసలు వీడియో తర్వాత విడుదల చేసిండ్రు. కార్టూన్ కాదని వాదించేటోళ్లే మన పరువు తీస్తున్నరు.

రుజువు వేరే కాడ ఉన్నది. ఆగస్టు 27న, చంద్రుడి చుట్టూ తిరిగే నాసా ఎల్ఆర్ఓ నౌక చంద్రయాన్-3 ల్యాండర్ విక్రమ్‌ను ఫొటో తీసింది. డిసెంబర్ 12న అదే నౌక విక్రమ్ మీదున్న చిన్న అద్దానికి లేజర్ కొట్టి జవాబు పట్టుకున్నది. ఇంతకన్న నాకు నచ్చేది 2019 సంగతి. సెప్టెంబర్ 7న చంద్రయాన్-2 ల్యాండర్, దాని పేరు కూడ విక్రమే, పడిపోయింది. ఎల్ఆర్ఓ ఫొటోలల దాని ముక్కను మొదలు గుర్తు పట్టింది నాసా కాదు, చెన్నై ఇంజనీర్ షణ్ముగ సుబ్రమణియన్. ఎల్ఆర్ఓ ఫొటోలు అందరికీ తెరిచే ఉంటయి, పాతదాన్ని కొత్తదాన్ని పక్కపక్కన పెట్టి వెతికిండు. డిసెంబర్ 2న నాసా ఒప్పుకొని ప్రకటించింది. సినిమా తీసేటోడు ఫెయిలైన సీను పెట్టి, బయటోడు వెతికితే దొరికేటట్లు ముక్కలు కూడ చల్లుతడా?

ఎవరన్నా చేసి చూస్తమంటే: రెండు ఫొటోలల సూర్యుడు ఒకే దిక్కున, ఇంచుమించు ఒకే ఎత్తుల ఉండాలె. లేకుంటే ప్రతి గుంత నీడ కొత్త ముక్క లెక్క కొడతది. ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడనే.

అడిగేటోడు
అన్నా, ఇవన్ని వాళ్ల ఫొటోలు, వాళ్ల వీడియోలు. నా కండ్లతోని నేను కొలిచేది ఒక్కటి చెప్పుండ్రి.

కోయిల్‌సాగర్
అపోలో దిగిన చోటు మాత్రం నీ కండ్లకు కనబడదు. ఆరంగుళాల టెలిస్కోపుకు చంద్రుడి మీద కిలోమీటరున్నర కన్న చిన్నది ఆనదు. గని భూమి చుట్టూ తిరిగే అంతరిక్ష స్టేషన్ ఎత్తు కొలువొచ్చు. నల్లగొండల ఒకరు, మహబూబ్‌నగర్‌ల ఒకరు నిలబడాలె. నేరుగ కొలిస్తే నడుమ 140 కిలోమీటర్ల దూరం.

స్టేషన్ మన మీద రెండు తీర్ల పోతది, నైరుతి నుంచి ఈశాన్యానికి, లేకుంటే వాయవ్యం నుంచి ఆగ్నేయానికి. రెండోది పట్టుకోవాలె. మన రెండు ఊర్ల గీతకు అది అడ్డంగ పోతది కాబట్టి 128 కిలోమీటర్ల ఎడం దొరుకుతది. మొదటిదాంట్ల 87 మించదు. పొద్దుగూకినంక గంట లోపల, నల్లగొండోళ్లకు నడినెత్తి మీదికెల్లి పోయే రోజు చూసుకోవాలె. ఫోన్ స్టాండుకు పెట్టి పది సెకన్ల ఎక్స్‌పోజర్, ఫోకస్ అనంతానికి. ఇద్దరి ఫొటోలల చుక్కలు పడాలె. చుక్కలతోని పోల్చి చూస్తే, మహబూబ్‌నగర్ ఫొటోల స్టేషన్ గీత నల్లగొండ ఫొటోల కన్న ఈశాన్యం దిక్కు 17 డిగ్రీలు జరిగి వస్తది. 128ని 17 డిగ్రీల టాన్‌తోని భాగిస్తే 419 కిలోమీటర్లు. ఒక డిగ్రీ తప్పు చదివితే పాతికేసి కిలోమీటర్లు అటిటు అయితది, అంతే. అదే పది కిలోమీటర్ల ఎత్తుల విమానమైతే మహబూబ్‌నగర్‌ల నాలుగు డిగ్రీలు కూడ లేవదు, చెట్ల చాటున పోతది.

ఫోన్ల టైము కలవకుంటే భయపడకుండ్రి. స్టేషన్ సెకనుకు ఏడున్నర కిలోమీటర్లు ఉరుకుతది కాబట్టి చుక్క లెక్క కొలిస్తే ఐదు సెకన్ల తేడాకే లెక్క చెడుతది. మనం కొలిచేది గీత పక్కకు ఎంత జరిగిందని. టైము తప్పితే గీత ముందుకో వెనకకో పోతది గని పక్కకు పోదు.

అడిగేటోడు
ఇది బాగున్నది. మహబూబ్‌నగర్ నేను నిలబడతా. గని ఎత్తు తేలితే లోపల మనిషి ఉన్నడని తేలదు గద?

కోయిల్‌సాగర్
తేలదు. దానికి రేడియో పెట్టాలె. స్టేషన్ల మనుషులు హ్యామ్ రేడియోల, అంటే లైసెన్సు తీసుకొని ఇష్టంతోని నడిపే రేడియోల, 145.800 మెగాహెర్ట్జ్ మీద బడి పిల్లలతోని మాట్లాడతరు, 2025ల శుభాంశు శుక్లా కూడ మన పిల్లలతోని అట్ల మాట్లాడిండు. వినేటందుకు యూఎస్‌బీ రిసీవర్, చిన్న యాంటెనా చాలు. స్టేషన్ వస్తుంటే మూడున్నర కిలోహెర్ట్జ్ పైన, పోతుంటే అంతే కింద వినబడతది. పక్క ఊరి టవర్ నుంచి వచ్చే గొంతు అట్ల జారదు. మాట్లాడాలంటే లైసెన్సు కావాలె, దాని జోలికి పోకుండ్రి. ఫొటోల పని ముందు. వానకాలం మబ్బుల పెట్టుకోకుండ్రి, దసరా దాటినంక చూద్దాం.