స్టాసీ వాడిన ‘సెర్‌సెట్సుంగ్’ని తెలుగులో ఏమనాలి?

బెర్లిన్ బాబాయ్:
అందరికీ నమస్కారం. తూర్పు జర్మనీ రహస్య పోలీసులు, అదే స్టాసీ, రచయితల మీద పెట్టిన ఫైళ్ళ గురించి మా తెలుగు సంఘం పత్రికకి వ్యాసం రాస్తున్నాను. మనిషికి తెలియకుండానే అతన్ని లోపల్నుంచి దెబ్బతీసే వాళ్ళ పద్ధతికి పెట్టుకున్న జర్మన్ పేరు ‘సెర్‌సెట్సుంగ్’ దగ్గర ఆగిపోయాను. ‘విచ్ఛిన్నం’ అంటే ఉపన్యాసంలా ఉంది. ‘వేధింపు’ సరిపోతుందా?

కృష్ణాతీరం:
సరిపోతుందండీ. చదివేవాళ్ళకి ఇట్టే అర్థమవుతుంది.

లైప్‌జిగ్ పంతులమ్మ:
దయచేసి వేధింపు అనకండి. వేధించేవాడు ఎదురుగా కనిపిస్తాడు. వీళ్ళు కనిపించకూడదనే కదా ఇదంతా చేసింది!

ఈ మాట కెమిస్ట్రీలోది, పదార్థం లోపల్నుంచే విడిపోవడం. 1976 జనవరి నాటి స్టాసీ 1/76 ఆదేశంలో పద్ధతులన్నీ రాసిపెట్టారు. నిజాన్నీ, కాదని రుజువు చేయలేని అబద్ధాన్నీ కలిపి మనిషి పరువు తీయాలి. ఉద్యోగంలో, సమాజంలో ఓటములు ‘ఏర్పాటు’ చేసి ఆత్మవిశ్వాసం పోగొట్టాలి. ‘ఏర్పాటు’ అనే రాశారండీ. అది చదివిన రోజు నాకు అన్నం సయించలేదు.

రచయిత యూర్గెన్ ఫుక్స్‌ని 1977లో జైలు నుంచి పశ్చిమ బెర్లిన్‌కి పంపేశాక కూడా వదల్లేదు. ఆయన పిలవని టాక్సీలు, అడగని సరుకులు ఆయన పేరు మీద ఇంటికొచ్చేవి. కవి రైనర్ కుంజె గని కార్మికుడి కొడుకు. కార్మికుల రాజ్యమని చెప్పుకున్నవాళ్ళే ఆయన మీద 12 సంపుటాల ఫైలు పెట్టారు. దాని రహస్య పేరు ‘లిరిక్’, అంటే కవిత్వం! ఇలాంటివాళ్ళందరికీ వాళ్ళ కాగితాల్లో ఒకటే ముద్ర: ‘శత్రు-ప్రతికూల శక్తులు’. ప్రశ్న అడిగినవాడినీ శత్రువునీ ఒక చిన్న గీతతో అతికించేశారు.

నేనైతే ‘విరిచేయడం’ అంటాను. పాలలో నిమ్మచుక్క పడితే గిన్నెకి ఏమీ కాదు, పాలే విరిగిపోతాయి. మనసు విరిగిపోయిందని మనం అంటూనే ఉంటాం కదా. మొదటిసారి మాత్రం పక్కన జర్మన్ మాట కూడా ఇవ్వండి.

బెర్లిన్ బాబాయ్:
‘విరిచేయడం’ ఖాయం చేశానమ్మా. ఇంకొక్కటి. స్టాసీవాళ్ళు ఒక మనిషిని ‘బెఆర్‌బైటెన్’ (ఒక కాగితం మీదో కేసు మీదో పని చేయడం) చేస్తున్నాం అని రాసేవాళ్ళు. ‘పని పట్టడం’ అననా?

లైప్‌జిగ్ పంతులమ్మ:
వద్దండీ, అందులో కోపం వినిపిస్తుంది. వాళ్ళ మాటలో కోపం లేదు, ఏ ఆఫీసు గుమాస్తా అయినా అదే మాట వాడతాడు. మన ఆఫీసుల్లో ‘ఫైలు నడపడం’ అంటారే, అది పెట్టండి.

బెర్లిన్ బాబాయ్:
అయితే ఇలా రాస్తున్నాను: ‘కుంజెని జైల్లో పెట్టలేదు. ఆయన మీద ఫైలు నడిపారు. 1977లో ఆయన దేశం వదిలి వెళ్ళిపోయారు.’