థాయ్ పట్టుకు ప్రాణం పోసింది జిమ్ థాంప్సనా, బాన్ క్రువా నేతగాళ్లా?

బ్యాంకాక్ బాటసారి:
పోయిన నెల బ్యాంకాక్‌లో జిమ్ థాంప్సన్ ఇల్లు చూసొచ్చాను. 1906లో అమెరికాలోని డెలావేర్‌లో పుట్టాడు, వృత్తి ఆర్కిటెక్ట్. 1945లో అమెరికా గూఢచారి శాఖ తరఫున బ్యాంకాక్ వచ్చి అక్కడే ఉండిపోయాడు. మగ్గాలు మూలపడుతున్న రోజుల్లో పట్టు గుడ్డలు పట్టుకుని న్యూయార్క్ వెళ్లి ఫ్యాషన్ పత్రిక వాళ్లకు చూపించాడు. 1948లో థాయ్ సిల్క్ కంపెనీ పెట్టాడు. 1967 మార్చి 26న మలేషియాలోని కామెరాన్ హైలాండ్స్‌లో మాయమయ్యాడు, ఇప్పటికీ ఆచూకీ లేదు. ఆయనే లేకపోతే థాయ్ పట్టు లేదని నా నమ్మకం. కాదంటారా?

చేనేత బిడ్డ:
కాదంటానన్నా. ఆ ఇంటి పక్కనే సేన్ సేప్ కాలువ ఉంది కదా, దాటారా? అవతల ఒడ్డునే బాన్ క్రువా అనే నేతగాళ్ల పేట. అక్కడి చామ్ ముస్లింలే, అంటే కంబోడియా వైపు నుంచి వచ్చిన ఒక తెగవాళ్లే, ఆయనకు మొదట నేసిచ్చింది. వాళ్ల పెద్దలూ వలస వచ్చినవాళ్లే, థాయ్ రాజు మొదటి రామా కాలంలో, రెండు వందల ఏళ్ల కిందట. వలస వచ్చిన మార్గదర్శి అంటే అందరికీ థాంప్సన్ ఒక్కడే ఎందుకు గుర్తొస్తాడు?

రంగుల అంగడి:
చెల్లెమ్మా, నేసినంత మాత్రాన అమ్ముడుపోదు. ఆకుల రంగులు వెలిసిపోతుంటే గట్టి రంగులు తెప్పించింది ఆయనే. కొనేవాడు లేకపోతే మగ్గం అటకెక్కుతుంది. మన ఊళ్లలో చూడటం లేదా?

చేనేత బిడ్డ:
చూస్తూనే పెరిగాను. అమ్మ కండెలు చుట్టేది, నాన్న గుంత మగ్గంలో కాళ్లు దించితే మళ్లీ అన్నం వేళకే పైకి. చీర షాపుకు వెళ్లాక దాని మీద షాపు పేరే. ఒకసారి చిన్న మరక ఉందని కూలీలో సగం కోశారు. నాన్న ఆ రాత్రి అన్నం తినలేదు. అందుకే నాకింత పట్టుదల. థాంప్సన్ మార్కెట్ తెచ్చాడు, ఒప్పుకుంటాను. నేతగాళ్లను ఫ్యాక్టరీకి తోలకుండా ఇళ్లలోనే నేయనిచ్చాడు, అదీ గొప్పే. కానీ ఆయన తర్వాత కంపెనీ నేత ఈశాన్య థాయ్‌లాండ్‌లోని పాక్ థోంగ్ చాయ్‌కి తరలింది. బాన్ క్రువాలో ఇప్పుడు మిగిలిన మగ్గాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ప్రాణం పోసుకుంది థాయ్ పట్టు సరే, ఆ వీధి మాటేమిటి?

బ్యాంకాక్ బాటసారి:
కాలువ దాటలేదమ్మా. వంతెన కనబడుతూనే ఉంది, వెనక్కి తిరిగాను. డిసెంబరులో మళ్లీ వెళ్తున్నా, ఈసారి ముందు అటే.