యూరప్‌లోని రోమా (జిప్సీ) ప్రజల రొమానీ భాష బతకాలంటే అందరికీ ఒకే రాత కావాలా?

వర్ణక్రమం: 1990లో వార్సా దగ్గర జరిగిన నాలుగో ప్రపంచ రొమానీ మహాసభ ఒక ఉమ్మడి అక్షరమాలను ఆమోదించింది. రూపకర్త భాషావేత్త మార్సెల్ కుర్తియాడ్. రొమేనియా బడి పుస్తకాలు ఆ రాతలోనే ఉన్నాయి. మిగతా దేశాలూ అటే రావాలంటాను. స్లొవేకియాలో స్లొవాక్ పద్ధతి, ఆస్ట్రియా బుర్గెన్‌లాండ్‌లో జర్మన్ పద్ధతి అంటూ ఎవరికి వారు రాసుకుంటే ఒకరి పుస్తకం ఇంకొకరికి అక్కరకు రాదు.

ఇంటిభాష: రాత లేనందువల్ల పోయిన భాష కాదండీ అది. స్పెయిన్‌లో రాజు 3వ కార్లోస్ 1783 శాసనంతో దాన్ని నిషేధించాడు. ఇవాళ అక్కడ మిగిలిన కాలో, స్పానిష్ వ్యాకరణంలో పొదిగిన రొమానీ మాటలు. 'కమ్' అంటే కోరు, ప్రేమించు. దానికి స్పానిష్ ప్రత్యయం తగిలించి 'కమెలార్' అంటారు. ఇంగ్లండులోనూ ఇదే కథ. విభక్తులూ క్రియారూపాలూ పోయి మాటలు మిగిలాయి. విభక్తి పిల్లలకు ఇంట్లో పెద్దల నోట రావాలి, అక్షరమాల నుంచి రాదు. ఉత్తర మాసిడోనియా రాజధాని స్కోప్యేలోని రోమాల పేట షూతో ఒరిజారిలో భాష నిలిచిందంటే వీధి వీధంతా అదే మాట్లాడబట్టి.

పాంథుడు: మన లంబాడీల గోర్‌బోలీ, రొమానీ ఒకటేనంటారు, నిజమా?

సరళాదేశం: కాదు. రెండూ ఇండో-ఆర్య భాషలే, అంతవరకే. రొమానీలో ఏడు, ఎనిమిది, తొమ్మిది 'ఎఫ్త, ఒఖ్తో, ఎన్య'. ఈ మూడూ బైజాంటియంలో (తూర్పు రోమన్ సామ్రాజ్యంలో) గ్రీకు నుంచి తీసుకున్నవి. గోర్‌బోలీలో ఆ మూడూ దేశీ అంకెలే.

ఇక రాత సంగతి. మన 'ఇల్లు, ఇంటికి' లాగే రొమానీలోనూ ప్రత్యయం ఔపవిభక్తిక రూపం ('ఇంటి' లాంటిది) మీద చేరుతుంది. ఏకవచనంలో 'రొమేస్కే' (రోమా పురుషుడికి), బహువచనంలో 'రొమేంగే' (రోమా పురుషులకు). నకారం తరవాత క కాస్తా గ అయింది, అచ్చం మన సరళాదేశ సంధి! కుర్తియాడ్ రెండుచోట్లా క్యూ (q) అక్షరమే పెట్టాడు. ముందున్న ధ్వనిని బట్టి చదువరి పలుకుతాడు. త/ద జంటకు గ్రీకు అక్షరం థీటా (θ). తెలివైన ఏర్పాటే గాని, ముందే భాష వచ్చినవాడికే సులువు. కొత్తగా నేర్చేవాడు క్యూని ఎక్కడైనా 'క' అనే చదివేస్తాడు.

ఇంటిభాష: అదే నేననేది. పైగా 'చేశాను' అనడానికి వ్లాఖ్ అనే రొమానీ మాండలికాల శాఖలో 'కెర్దెం', చాలా మిగతావాటిలో 'కెర్దోం'. ఇంట్లో ఓం విన్న పిల్ల రాసినదాన్ని బడిలో ఎం అని దిద్దితే, మర్నాటి నుంచి ఆ పిల్ల నోరు విప్పదు.

వర్ణక్రమం: ఆ తప్పు దిద్దినవారిది, అక్షరమాలది కాదు. అది రాతను కలుపుతుంది గాని మాండలికాలను కలపదు. ఓం వాళ్లు ఓం అనే రాసుకోవచ్చు.

ఇంటిభాష: రాసుకోవచ్చు. మరి ఫోన్‌లో? మామూలు లాటిన్ కీబోర్డులో థీటా లేనే లేదు. ఏ దేశంలో చదివితే ఆ దేశపు స్పెల్లింగులోనే కొడతారు. చదివేవాళ్లకు అర్థమవుతూనే ఉంది.